కాజా టోల్‌గేటు దగ్గర పట్టేసే వెస్పా: జెట్టు సంగతి చివర్లో చూద్దాం

మీరు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. నాన్నగారి 1999 ఎల్‌ఎమ్‌ఎల్ వెస్పా ఎన్‌వీ. దానికి 177 కిట్టు (ఇంజిన్‌ని 177 సీసీ చేసే పెద్ద సిలిండర్, పిస్టన్) వేయించారు, బయట చేయించిన సైలెన్సర్ పెట్టించారు. గుంటూరు లక్ష్మీపురం నుంచి మంగళగిరి ఆఫీసుకి రోజూ రానూపోనూ నలభై కిలోమీటర్ల పైనే. రెండు నెలల్లో రెండుసార్లు ఇంజిన్ పట్టేసింది (పిస్టన్ వేడికి సిలిండర్‌లో బిగుసుకుపోయింది), రెండుసార్లూ కాజా టోల్‌గేటు దగ్గర్లోనే. మెకానిక్ మెయిన్ జెట్టు (కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే కన్నం) 125 దాకా పెంచాడు. ఇప్పుడు బ్రాడీపేట సందుల్లో బండి బొళబొళమంటూ పొగ కక్కుతోంది. "ఏ నంబరు జెట్టు వెయ్యాలి, లేకపోతే పాత 150 బోరే పెట్టేసుకోవాలా?" అన్నది మీ ప్రశ్న.

జెట్టు నంబరు ఇప్పుడే చెప్పను. చెప్తే ఈ సాయంత్రమే మార్చేసి, వచ్చే నెల మూడోసారి పట్టేశాక మళ్ళీ అడుగుతారు.

"రెండుసార్లూ కాజా దగ్గరే" అన్న మాటలోనే సగం జవాబు ఉంది. పెదకాకాని దాటాక రోడ్డు ఖాళీగా కనిపిస్తే ఎవరైనా థ్రాటిల్ పూర్తిగా తిప్పి పట్టుకుంటారు. నాగార్జున యూనివర్సిటీ దాటి కాజా వచ్చేదాకా అదే తీరు. అక్కడ ముందు లారీలు కనపడగానే థ్రాటిల్ టక్కున మూసేస్తారు, క్లచ్ మాత్రం పట్టుకోరు. చక్రం ఇంజిన్‌ని ఇంకా అదే వేగంతో తిప్పుతూ ఉంటుంది. లోపలికి వెళ్ళే పెట్రోలు ఒక్కసారిగా ఆగిపోతుంది. టూ-స్ట్రోక్‌లో ఆయిల్ వెళ్ళేది పెట్రోలుతో కలిసే కాబట్టి అదీ ఆగిపోతుంది. పిస్టన్ బాగా కాలి ఉన్న సమయంలోనే దానికి తడి లేకుండా పోతోందన్నమాట.

ఆ కొద్ది సెకన్లలో ఇంజిన్‌కి దిక్కు, థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు పెట్రోలిచ్చే చిన్న ఐడిల్ జెట్టు ఒక్కటే. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు మెయిన్ జెట్టు 125 అయినా 200 అయినా దాని పని ఏమీ ఉండదు. మీ మెకానిక్ పెంచిన జెట్టు రోగం ఉన్నచోట పనిచెయ్యదు, రోగం లేనిచోట పొగ పెడుతోంది. ఒక లెక్క చూడండి. జెట్టు నంబరు అంటే రంధ్రం వ్యాసం, మిల్లీమీటరులో వందో వంతుల్లో. 100 నంబరు అంటే సరిగ్గా 1 మి.మీ. దాన్ని 125 చేస్తే రంధ్రం వైశాల్యం 56 శాతం పెరుగుతుంది. మీ ఇంజిన్ పెరిగింది ఎంత? పాత బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 57.8 మి.మీ., కిట్టు బోరు 63 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) రెండింటికీ 57. అంటే 150 సీసీ నుంచి 177 సీసీ, పెరిగింది 19 శాతం. ఇక బొళబొళ రాకుండా ఎలా ఉంటుంది?

ఇది నాకు పుస్తకంలో దొరికిన జ్ఞానం కాదు. 2003 మే నెలలో నా వెస్పా ఇలాగే కనకదుర్గమ్మ వారధి మీద పట్టేసింది. పటమట నుంచి తాడేపల్లి వెళ్తున్నా, మిట్టమధ్యాహ్నం. ముందు ఒక సన్నటి కీచు శబ్దం, ఎవరో పళ్ళెం మీద గరిట గీకినట్టు. ఏంటా అని థ్రాటిల్ వదిలాను. వెనక చక్రం ఆగిపోయి బండి అడ్డంగా జారింది. క్లచ్ పట్టుకోవడానికి చెయ్యి దానంతట అది వెళ్ళింది గానీ నా తెలివేమీ లేదు. ఆ ఏడాది మూడు పిస్టన్లు మార్చాను. ప్రతిసారీ బోరు కొట్టించడం, ప్రతిసారీ జెట్టు ఒక మెట్టు పెంచడం. చివరికి ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే పెద్దాయన ఒకాయన, నా కార్బొరేటర్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా, "ముందు గాలి ఎక్కణ్ణుంచి తాగుతోందో చూడరా, పెట్రోలు సంగతి తర్వాత" అన్నాడు. తర్వాత బీరువాలోంచి బీపీ చూసే మిషన్ తీశాడు. ఆయనకి బీపీ ఉంది, అది వేరే సంగతి.

ఆ పరీక్ష మీరూ ఇంట్లో చెయ్యండి. చేతితో గాలి కొట్టే డయల్ టైపు బీపీ మిషన్ చాలు. పాత ప్లగ్ ఒకటి తీసుకుని పింగాణీ పగలగొట్టి, ఆ కన్నంలో సన్న ట్యూబు దూర్చి ఎం-సీల్ పెట్టండి. ఆరాక దాన్ని హెడ్‌కి బిగించి, ట్యూబు రెండో కొస బీపీ మిషన్‌కి తగిలించండి. కార్బొరేటర్ విప్పి, దాని కింద కన్నం మీద లారీ ట్యూబు ముక్క పరిచి, పైన రేకు పెట్టి బిగించండి. సైలెన్సర్ తీసేసి, బోరుకి సైలెన్సర్ తగిలే మూతిని కూడా ట్యూబు ముక్కతో కప్పి క్లాంప్ వెయ్యండి. పిస్టన్ పూర్తిగా కిందకి ఉండాలి, అప్పుడే పైనా కిందా గాలి ఒకటవుతుంది. ఇప్పుడు బీపీ బల్బుతో 250 దాకా కొట్టి వదలండి. ముల్లు ఐదు నిమిషాల్లో పది ఇరవై గీతలు దిగితే పట్టించుకోవద్దు. మీరు చూస్తుండగానే జారిపోతుంటే, షాంపూ ప్యాకెట్ ఒకటి నీళ్ళలో కలిపి బ్రష్‌తో బోరు మొదట్లో, కేసింగ్ రెండు చెక్కలూ కలిసే గీత వెంట, మాగ్నెట్ (ఇంజిన్ పక్కన తిరిగే రెక్కల చక్రం) తీసి దాని వెనక సీలు చుట్టూ రాయండి. బుడగలు ఎక్కడ లేస్తే అక్కడ దొంగ.

నా బండిలో మాగ్నెట్ వైపు ఆయిల్ సీలు దగ్గర లేచాయి. పన్నెండు రూపాయల సీలు అప్పట్లో. దాని కోసం మూడు పిస్టన్లు.

క్రాంక్‌కి, అంటే పిస్టన్ తిప్పే షాఫ్ట్‌కి, రెండు పక్కలా రెండు సీళ్ళుంటాయి, రెండింటి రోగలక్షణాలూ వేరు. మాగ్నెట్ వైపుది పోతే ఉత్త గాలి లోపలికి వస్తుంది. ఐడిలింగ్ నిలకడగా ఉండదు, థ్రాటిల్ తిప్పి వదిలితే ఇంజిన్ వేగం వెంటనే దిగకుండా కాసేపు అరుస్తూనే ఉంటుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడే ఈ దొంగగాలి ఎక్కువ దెబ్బ తీస్తుంది, ఎందుకంటే అప్పుడు వెళ్ళే పెట్రోలే కొంచెం. మీ కాజా దగ్గర కథ దీనికి సరిగ్గా అతుకుతుంది. క్లచ్ వైపు సీలు పోతే ఇంజిన్ గేర్ ఆయిల్ తాగుతుంది. పొగ తెల్లగా దట్టంగా వస్తుంది, 250 మి.లీ. గేర్ ఆయిల్ కాస్తా నెలకింత తగ్గుతుంది. బీపీ పరీక్షలో అయితే గేర్ ఆయిల్ పోసే కన్నంలోంచి గాలి బుసబుసమంటూ వస్తుంది. కొత్త సీలు వేసినా ఆరు నెలల్లో మళ్ళీ పోతే తప్పు సీలుది కాదు, క్రాంక్ బేరింగులు అరిగి షాఫ్ట్ ఊగుతోందని అర్థం. వేయించేటప్పుడు విటాన్ రకం (పెట్రోలుకీ వేడికీ తట్టుకునే రబ్బరు) సీళ్ళు అడగండి. ఇప్పుడు బంకుల్లో పోసే ఈ20 పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్, పాత రకం రబ్బరుకి అది పడదు. కార్బొరేటర్‌లో ఫ్లోట్ నీడిల్ రబ్బరు మొన, పెట్రోలు పైపు కూడా అదే పనిలో మార్చేయండి.

బోరు విప్పినప్పుడు పిస్టన్‌ని పారేయకుండా ఎండలో పెట్టి చూడండి. గీతలు చుట్టూ నాలుగు చోట్ల ఉంటే ఇంజిన్ వేడెక్కకముందే తొక్కేశారు, లేదా బోరు మరీ బిగువుగా కొట్టారు. సైలెన్సర్ వైపే గీసుకుపోయి ఉంటే వేడి, పెట్రోలు తక్కువ. ఈ రెండో రకమే కనపడుతుందని నా అనుమానం. ఇంకో మాట, పోర్టుల (సిలిండర్ గోడకి ఉండే కన్నాల) అంచులు వేలితో తడమండి. బ్లేడులా కోస్తుంటే అంచు మొద్దు చెయ్యలేదన్నమాట. రింగు ఆ అంచుకి తగులుకుని విరిగితే అప్పుడు బోరు, పిస్టన్, హెడ్ మూడూ పోతాయి.

గాలి సంగతి తేలాక వేడి సంగతి. మీ బండి సిలిండర్ మీద నల్ల డబ్బా లాంటి కవరు ఉందా? చాలా బండ్లకి ఉండదు. ఒకసారి విప్పిన మెకానిక్ మళ్ళీ పెట్టడం బద్ధకమై షాపులోనే వదిలేస్తాడు. మాగ్నెట్ రెక్కలు విసిరే గాలి సిలిండర్ చుట్టూ తిరగాలంటే ఆ డబ్బా ఉండాల్సిందే, లేకపోతే గాలి బయటికే పోతుంది. రోహిణి కార్తె ఎండలో అది లేని 177 కిట్టు ఎన్నాళ్ళో బతకదు. మాగ్నెట్ రెక్కల మధ్య, సిలిండర్ ఫిన్నుల మధ్య కూడా చూడండి. గుంటూరు బండ్లలో నేను చూసినంతగా దూది పీచు ఇంకెక్కడా చూడలేదు. పత్తి లారీల వెనక తిరిగిన బండికి ఆయిల్ జిడ్డు మీద పీచు అంటుకుని, పైన దుమ్ము పడి, దుప్పటి కప్పినట్టు ఉంటుంది. పెయింటు బ్రష్, కిరోసిన్, అరగంట పని.

తర్వాత టైమింగ్, అంటే ప్లగ్ ఎప్పుడు నిప్పు వెయ్యాలన్నది. మూడు పోర్టుల ఎలక్ట్రానిక్ వెస్పాకి, పిస్టన్ పైకి చేరడానికి 18 డిగ్రీల ముందు ఉండాలి, కిట్టు వేసిన బండికి ఒక డిగ్రీ వెనక్కి ఉన్నా మంచిదే. పికప్ బాగుంటుందని కొందరు 22, 23 దాకా ముందుకు పెడతారు. పికప్ నిజంగానే బాగుంటుంది, ఇంజిన్ కాలిపోయేదాకా. కంటి కొలతతో కాకుండా స్ట్రోబ్ లైటు ఉన్నవాళ్ళ దగ్గర పెట్టించండి. మాగ్నెట్ తిరిగే దిక్కుకే స్టేటర్ ప్లేటు (మాగ్నెట్ వెనక కాయిల్స్ ఉన్న పళ్ళెం) తిప్పితే టైమింగ్ వెనక్కి వస్తుంది, ఎదురు తిప్పితే ముందుకి. రెండుసార్లు పట్టేసిన బండి కాబట్టి మాగ్నెట్ కింద ఉండే చిన్న కీ కూడా చూడమనండి. ఆ కుదుపుకి అది సగం తెగి ఉంటే మీరు ఎంత కచ్చితంగా పెట్టినా టైమింగ్ జరిగిపోతుంది. ప్లగ్ ఎన్‌జీకే బీ7హెచ్‌ఎస్ నుంచి బీ8హెచ్‌ఎస్‌కి మార్చండి, హైవే మీద అది చల్లగా ఉంటుంది. గ్యాప్ 0.6 మి.మీ.

ఇప్పుడు జెట్టు.

ఈ కార్బొరేటర్‌కి బైకుల్లోలా నీడిల్ ఉండదు. పావు థ్రాటిల్ దాకా ఐడిల్ జెట్టు, గాలి స్క్రూ. అక్కణ్ణుంచి పైకి అంతా మెయిన్ జెట్టు గొట్టమే. అందుకని ఏ థ్రాటిల్ దగ్గర తేడా చేస్తోందో ముందు తేల్చుకోవాలి. హ్యాండిల్ గ్రిప్పు మీద తెల్ల టేపు ముక్క అంటించి పావు, సగం, ముప్పావు గీతలు గీసుకోండి. నవ్వేవాళ్ళు నవ్వుతారు. ముందు ఐడిల్ జెట్టు ఒక సైజు పెంచి, స్క్రూని పూర్తిగా మూసి రెండు చుట్లు తెరిచి మొదలుపెట్టండి. మెయిన్ జెట్టు 115తో మొదలుపెట్టి కిందకి దిగండి, పైకి ఎక్కుతూ వెతకవద్దు. పెద్ద జెట్టుతో తప్పు చేస్తే పొగ వస్తుంది, చిన్న జెట్టుతో తప్పు చేస్తే పిస్టన్ పోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఉన్నప్పుడు చోక్ కొంచెం లాగి చూడండి. బండి ఇంకా ఊపందుకుంటే పెట్రోలు చాలట్లేదని, వెంటనే వదిలేసి జెట్టు పెంచాలి. బొళబొళమంటే సరిపోయినట్టే. దీనికి తిరగేసిన పరీక్ష ఒకటుంది. రోడ్డు మీద పెట్రోలు కాక్ మూసేసి అలాగే పోండి. కార్బొరేటర్ బౌలు ఖాళీ అవుతున్నకొద్దీ పెట్రోలు తగ్గుతుంది. ఆగిపోయే ముందు ఇంజిన్ ఒక్కసారి చురుగ్గా లాగితే అప్పటిదాకా ఎక్కువ తాగుతోందని అర్థం. లాగిన క్షణంలోనే క్లచ్ పట్టుకోండి, ఆగిపోయేదాకా లాగించకండి. నా బండి ఇదే సైలెన్సర్ తీరుతో, ఈ20తో 110 దగ్గర కుదురుకుంది. మీదీ 106 నుంచి 114 లోపే తేలుతుంది, దొంగగాలి లేకపోతే. ఈ20 వల్ల పాత లెక్క కంటే మూడు నాలుగు నంబర్లు ఎక్కువ పడుతుంది, ఎందుకంటే ఇథనాల్ మండడానికి గాలి తక్కువ కావాలి, అదే గాలికి ఇంధనం ఎక్కువ పట్టాలి.

ఈ పనంతా ఎప్పుడు చేస్తున్నారన్నది కూడా ముఖ్యమే. మీ ఊళ్ళో కిట్టులన్నీ వేసవి సెలవుల్లో వేయిస్తారు, మే నెల 45 డిగ్రీల్లో జెట్టు చూసుకుని మురిసిపోతారు. డిసెంబర్‌లో పొద్దున్నే 20 డిగ్రీల చలిలో అదే థ్రాటిల్‌కి దాదాపు ఎనిమిది శాతం ఎక్కువ గాలి వెళ్తుంది, పెట్రోలు మాత్రం పెరగదు. సంక్రాంతికి ఊరెళ్తూ పట్టేసిన బండ్లు నేను చాలా చూశాను, కారణం ఇదే. జెట్టు చలికాలం పొద్దున పూట తేల్చుకోండి. వేసవిలో కొంచెం పొగ వస్తే రానివ్వండి.

ఆయిల్ గురించి ఒక భ్రమ తీసెయ్యాలి. పట్టేసింది కదా అని లీటరుకి 50 మి.లీ. పోస్తున్నానన్నారు. ఆయిల్ ఎక్కువైతే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది, జెట్టులోంచి వెళ్ళేది చిక్కబడుతుంది, మిశ్రమం ఇంకా పలచనవుతుంది. కొత్త బోరుకి మొదటి 500 కిలోమీటర్లు లీటరుకి 30 మి.లీ., తర్వాత 20. జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ (టూ-స్ట్రోక్ ఆయిల్ నాణ్యత గుర్తులు) అని డబ్బా మీద ఉన్నది తీసుకోండి. చాలా బంకుల్లో ఇప్పుడు 2టీ (టూ-స్ట్రోక్ ఆయిల్) పంపు లేదు కాబట్టి డిక్కీలో దగ్గుమందు కొలిచే కప్పు ఒకటి పడెయ్యండి. ముందు ఆయిల్ పోసి ఆపైన పెట్రోలు కొట్టించండి, వాటంతటవే కలుస్తాయి. వారం పైగా బండి తీయకపోతే కాక్ మూసి బౌలు ఖాళీ చెయ్యండి, ఈ20 తేమని పీల్చుకుని అడుగున నీళ్ళు చేరుస్తుంది. పాత ట్యాంకు తుప్పుకి అది చాలు.

సైలెన్సర్ విషయంలో నాకు పక్షపాతం ఉంది, దాచను. లోపలి రేకులు తీసేసి మోత పెంచిన సైలెన్సర్ రోజువారీ బండికి పనికిరాదు. కింది వేగంలో లాగుడు పోతుంది, అరండల్‌పేట సిగ్నల్ దగ్గర కదలడానికి మీరు క్లచ్ కాల్చుకుంటారు, పైగా పోలీసాయన చలానా. కంపెనీ ఆకారంలోనే ఉండే సైలెన్సర్ పెట్టి, మిగిలిన డబ్బుతో క్లచ్ పినియన్ (క్లచ్‌కి ఉండే పళ్ళ చక్రం) ఒక పన్ను ఎక్కువున్నది వేయించండి. 177కి లాగే ఓపిక ఉంది కాబట్టి అదే 60 కిలోమీటర్ల వేగంలో ఇంజిన్ తక్కువ తిరుగుతుంది. మీ హైవేకి అసలైన మందు ఇదే.

రోజువారీ నడపడంలో నేను అడిగేది ఒక్క అలవాటు. ఫుల్ థ్రాటిల్ మీద నుంచి దిగేటప్పుడు క్లచ్ పట్టుకుని దిగండి, వారధి దిగుతున్నా, టోల్‌గేటు వచ్చినా. ఎడమచేతి రెండు వేళ్ళు క్లచ్ మీదే ఉండాలి. గేర్ ఆయిల్ మామూలు ఎస్‌ఏఈ 30, మూడు వేల కిలోమీటర్లకి ఒకసారి. కారు ఆయిల్ మిగిలిందని పొయ్యొద్దు, ఈ క్లచ్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, జారుతుంది. ఐదారు వేలకి ఒకసారి హెడ్ మీదా సైలెన్సర్ మూతిలోనూ కార్బన్ గీకించండి. ముందు బ్రేకు షూలు కిట్టుతో పాటే మార్చి ఉండాల్సింది, ఇప్పుడైనా మార్చండి. పంక్చర్ మీరే వేసుకుంటానంటే ఒక జాగ్రత్త: రిమ్ము రెండు చెక్కల్నీ కలిపే నట్లు గాలి పూర్తిగా తీశాకే విప్పాలి. గాలి ఉండగా విప్పితే రిమ్ము ముఖం మీదికి ఎగురుతుంది.

కాగితాల సంగతి మీరు అడగలేదు గానీ చెప్తున్నా. ఆర్‌సీలో 150 అని ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా మార్పు చేస్తే అనుమతి కావాలి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట పట్టుకునేది దీన్నే. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఎలాగూ ఉంటుంది. 2000 మార్చి లోపు తయారైన టూ-స్ట్రోక్‌కి పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం దాకా ఒప్పుకుంటారు. 125 జెట్టుతో అది దాటడం చాలా తేలిక.

ఇక 177 ఉంచాలా తీసెయ్యాలా అంటే, క్రాంక్ బేరింగుల్లో ఊగుడు లేకపోతే ఉంచండి. ఊగుడు ఉంటే క్రాంక్ పని పూర్తయ్యేదాకా 150 మీదే తిరగండి. ఆ పాత బోరు మాత్రం అమ్మకండి, ఎవరు ఎంతిస్తామన్నా. లోపల 2టీ ఆయిల్ పూసి, పాత బనియన్ గుడ్డలో చుట్టి, పిస్టన్ కూడా దాంతోనే కట్టి అటక మీద పెట్టండి. పిస్టన్ మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు రావాలని ఒక చీటీ రాసి అందులో పెట్టండి, బిగించే రోజుకి గుర్తుండదు. ముందైతే బీపీ మిషన్ తెచ్చి గాలి కొట్టి, బుడగలు ఎక్కడ లేచాయో నాకు చెప్పండి.